‘అమ్మ’ అని రాయడం కంప్యూటరు ఎలా నేర్చుకుంది?



మా నాన్నగారు రిటైరయ్యాక తన చిన్ననాటి సంగతులు కంప్యూటరులో తెలుగులో టైపు చేసి, 1999లో నాకు ఫ్లాపీ మీద పంపించారు. ఇప్పుడు ఆయన లేరు. ఆ ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఎందుకని? అదే ఈనాటి పాఠం.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు చేసినవారు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల దగ్గరే తెలుగు బొమ్మలు పెట్టేవారు. అంటే ఇంగ్లీషు అక్షరానికి తెలుగు వేషం వేసినట్టు! ఫాంటు పోతే వేషం ఊడిపోతుంది. పైగా ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. నాన్నగారు వాడిన ఫాంటు నాకు ఎక్కడా దొరకలేదు.

ఈ చిక్కుకు విరుగుడు యూనికోడ్. 1991లో వచ్చిన ఈ పద్ధతిలో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు ఉన్నాయి. ‘అమ్మ’ అనే మాట చూడండి. మన కంటికి రెండే అక్షరాలు, కంప్యూటరుకు నాలుగు సంఖ్యలు:

అ – 3077
మ – 3118
పొల్లు (్) – 3149
మ – 3118

మీరు బడిలో రాసే ఫ్రెంచి మాట ‘ఎకోల్’లో మొదటి అక్షరం మీద గీత ఉంటుంది కదా? ఆ గీతతో కలిపి దానికి ఒకే సంఖ్య ఉంది. తెలుగులో అలా కుదరదు. పొల్లు తరువాత వచ్చిన ‘మ’ను కిందకు దింపి ఒత్తుగా మార్చే పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ పని ఆపరేటింగ్ సిస్టందే.

విండోస్ 95, 98లతో తెలుగు ఫాంటు గానీ కీబోర్డు గానీ వచ్చేవి కావు. ఆఫీసుల కోసం 1993లో మొదలైన విండోస్ ఎన్‌టీ మాత్రం యూనికోడ్ పునాది మీద కట్టినది. దాని వారసుడైన విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి, తెలుగు రాలేదు. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీ, ఎన్‌టీ పునాదిని ఇళ్ళలోని కంప్యూటర్లకూ తెచ్చింది. అందులోనే తెలుగు కూడా వచ్చింది. తయారీలో ఉండగా దాని మారుపేరు ‘విస్లర్’. అది మన కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో స్కీయింగ్‌కు పేరుపొందిన ఊరు! దానితో వచ్చిన తెలుగు ఫాంటు పేరు ‘గౌతమి’, అంటే మన గోదావరే.

ఎక్స్‌పీ మాటిమాటికీ ఆగిపోదని జనం మెచ్చుకున్నారు, యాక్టివేషన్ గొడవకు విసుక్కున్నారు. 2003లో బ్లాస్టర్ పురుగు సోకింది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చి రక్షణ పెంచింది.

మరి తెలుగువాళ్ళు ఎలా ఆదరించారు? నెమ్మదిగానే. తెలుగు లోపల ఉన్నా, తలుపు మూసి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు చాలాసార్లు ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఈ సంగతి తెలియనివారికి యూనికోడ్ తెలుగు సరిగ్గా కనబడేది కాదు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకున్నారు. తెలిసినవారు ఒకరికొకరు నేర్పుకున్నారు, బ్లాగులు రాశారు, ‘లేఖిని’ లాంటి సాధనాలు తయారుచేశారు. 2007లో విస్టా వచ్చాక ఆ టిక్కు అవసరం తీరింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. కానీ ఆనాడు అందులో యూనికోడ్‌తో రాసిన ‘అమ్మ’ను ఈనాటి ఫోన్లు కూడా చక్కగా చదువుతాయి, ఎందుకంటే సంఖ్యలు మారలేదు.

అదృష్టం కొద్దీ నాన్నగారి రాతలకు ప్రింటు కాగితాలు అమ్మ దగ్గర ఉన్నాయి. నేను చదువుతుంటే మా అమ్మాయి యూనికోడ్‌లో టైపు చేస్తోంది. ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి. ‘దిబ్బరొట్టె’ అంటే ఏమిటని అడిగింది. ఆదివారం చేసి పెట్టాం.

ఇంటిపని: మీ తాతగారినో అమ్మమ్మగారినో ఒక చిన్ననాటి సంగతి అడిగి, ఐదు వాక్యాలు తెలుగు లిపిలో టైపు చేసి తీసుకురండి. పెద్దలూ, మీ ఇంట్లో పాత ఫాంట్లలో ఉన్న ఫైళ్ళుంటే, ఆ ఫాంటు పని చేస్తుండగానే ముందు ప్రింటు తీసి పెట్టుకోండి.