అరకు ఆఫీసులో జాంగో సర్వర్: నేర్చుకున్నదీ, పోగొట్టుకున్నదీ

"ఇన్నాళ్లూ పుస్తకాల్లో రాస్తూనే ఉన్నారుగా, మళ్లీ ఈ కంప్యూటరు దేనికి?" అని పోయిన ఏడాది సమావేశంలో ఒక దాత అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రసీదు పుస్తకాలు ఆఫీసులో, విద్యార్థుల దరఖాస్తులు ఒక సభ్యుడి ఇంట్లో, మందుల శిబిరాల జాబితాలు ఇంకొకరి ఇంట్లో ఉండేవి. జకాత్ సొమ్ము ఎవరికి చేరిందో, సాధారణ విరాళం దేనికి ఖర్చయిందో విడివిడిగా చెప్పాలంటే రెండు రోజులు వెతికేవాళ్లం. మీరు అప్పగించిన సొమ్ముకు లెక్క అలా ఉండకూడదనే ఈ పని తలపెట్టాం. మరో సంఘం వారికి పనికొస్తుందని, ఎలా చేశామో ఇక్కడ రాస్తున్నాం.

సాఫ్ట్‌వేర్‌కు ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. ఒక పాత కంప్యూటర్‌లో ఉబుంటు సర్వర్ 24.04 ఎక్కించాం. ఇది ఐదేళ్లపాటు భద్రతా సవరణలు ఉచితంగా అందే లినక్స్. దానిమీద జాంగో పెట్టాం. లాగిన్, ఫారాలు, డేటాబేస్‌తో వ్యవహారం వంటివన్నీ ముందే కట్టి ఉంచిన చట్రం అది. పైథాన్ భాషలో ఉంటుంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి దినపత్రికలో పనిచేసేవారు తమ అవసరానికి రాసుకుని 2005లో లోకానికి ఇచ్చేశారు. పేరు మాత్రం జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడిది. మన పట్టికల్లో ఏయే గడులు ఉండాలో చెబితే చాలు, నమోదు చేసుకునే పేజీలు అదే తయారుచేస్తుంది. మాలాంటివారికి అదే పెద్ద ఆసరా.

జాంగోను నేరుగా కాకుండా 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' అనే విడి గదిలో పెట్టాలి. ఉబుంటు తన సొంత పనులకు వాడుకునే పైథాన్‌ను మనం కెలకకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. లెక్కలు దాచడానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడాం. ఇంతవరకు ఒక పూట పని.

తర్వాతే తడబడ్డాం. 'రన్‌సర్వర్' అనే ఆదేశం ఇస్తే పేజీ తెరుచుకుంది కదా అని సంబరపడి వాడటం మొదలుపెట్టాం. అది పరీక్షించుకోవడానికే తప్ప రోజువారీ వాడకానికి కాదు. ఎవరో ఆ కిటికీ మూసేయగానే సర్వర్ ఆగిపోయింది. సరైన పద్ధతిలో జాంగోను గునికార్న్ నడపాలి, దాని ముందు వాకిలి దగ్గర ఎంజిన్ఎక్స్ ఉండాలి, గునికార్న్ పడిపోతే మళ్లీ లేపే బాధ్యత సిస్టమ్‌డీకి అప్పగించాలి. అదీ చేశాం గానీ, 'స్టార్ట్' అని చెప్పి 'ఎనేబుల్' చెప్పడం మరిచాం. వానాకాలంలో ఇక్కడ కరెంటు పోవడం మామూలే. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ లేచింది, మన అప్లికేషన్ మాత్రం లేవలేదు.

సెట్టింగ్స్‌లో మూడు చోట్ల జాగ్రత్తపడాలి. 'డిబగ్' తప్పనిసరిగా ఆపాలి. లేకపోతే పొరపాటు జరిగినప్పుడల్లా లోపలి వివరాలన్నీ తెరమీద పరుస్తుంది. అది ఆపగానే అడ్మిన్ పేజీ రంగులు పోయి బోసిగా కనబడితే కంగారుపడవద్దు. 'కలెక్ట్‌స్టాటిక్' ఇచ్చి, ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో ఎంజిన్ఎక్స్‌కు చూపించాలి. మూడోది గడియారం. జాంగో మొదట్లో యూటీసీ సమయంలో ఉంటుంది, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. రంజాన్‌లో సహరీ వేళ అందిన విరాళానికి ముందురోజు తేదీ పడటం చూసి గానీ మాకిది తెలియలేదు. ఇదే ఏప్రిల్ 1 తెల్లవారుజామున జరిగితే రసీదు పాత ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది! 'ఏషియా/కోల్‌కతా' అని మార్చాం.

పేర్ల విషయం ఏ పాఠంలోనూ దొరకలేదు. ఈ కొండల్లో కిల్లో, కొర్రా, పాంగి, వంతాల వంటి ఇంటిపేర్లు ఊరూరా ఉంటాయి. మనలో షేక్, సయ్యద్ ఎన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు. 'మొదటి పేరు, చివరి పేరు' అనే గడులు ఎవరికీ కుదరవు. అవి తీసేసి పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, మండలం పెట్టాం. ఒకే పేరున్న ఇద్దరు విద్యార్థినుల్లో ఒకరి ఫీజు ఇంకొకరి ఖాతాలో పడబోయి ఆగింది ఈ గడుల వల్లనే.

ఇక పోగొట్టుకున్న సంగతి. రోజూ రాత్రి డేటాబేస్ నకలు తీసే ఏర్పాటు చేశాం గానీ ఆ నకలును అదే డిస్కులో దాచాం. ఒకరోజు ఓల్టేజీ ఎగిసి డిస్కు పోయింది. అసలూ నకలూ కలిసే పోయాయి. శిబిరంలో బీపీ, షుగర్ మందులు తీసుకున్నవారి వివరాలన్నీ అందులోనే. కాగితం ఫారాలు పారేయలేదు కాబట్టి బతికాం. ఇద్దరు కుర్రాళ్లు పది రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించారు. ఆ పది రోజుల్లో మందుల కోసం వచ్చిన వృద్ధులను "పాత చీటీ ఉందా అమ్మా" అని అడగాల్సి రావడం మాకు సిగ్గనిపించింది.

ఇప్పుడు నకలుకు తాళం వేసి, పెన్‌డ్రైవ్‌లో వారానికోసారి విశాఖపట్నం పంపుతున్నాం. నెలకోసారి ఆ నకలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తున్నాం. తెరవని నకలును లెక్కలో వేసుకోవడం మానేశాం. సహాయం పొందినవారి పేర్లు బయటపడకూడదని ఈ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరవలేదు. ఆఫీసు వైఫైలోనే నడుస్తుంది, కాబట్టి నెట్ లేని రోజున కూడా పని ఆగదు. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంది. మంచి యూపీఎస్ మాత్రం ఇంకా కొనలేదు. ఈ ఏడాది బడ్జెట్‌లో మొదటి పద్దు అదే. మీ విరాళం లెక్క చూడదలిచిన దాతలు రసీదు నంబరుతో ఆఫీసుకు వస్తే, ఎదురుగానే తెరిచి చూపిస్తాం.