మారోవిండ్: పాతబడిన ఆటా, ఆడదగిన ఆటా?

కంప్యూటరు ఆట మీద వ్యాసమేమిటి, సంచికలో రాయడానికి విషయాలే కరువయ్యాయా అని మన అధ్యాపకులు కొందరు నొసలు చిట్లించవచ్చును. వారి అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. మంచి నవల రెండు రాత్రుల్లో పూర్తవుతుంది. నేను చెప్పబోయే ఆటలో ముఖ్యకథ ఒక్కటీ ముగించడానికే నాకు నలభై గంటలు దాటింది. ఆ వేళలో రెండు యూనిట్లు చదువుకోవచ్చు. కనుక ఆడవచ్చునా అన్నది విద్యార్థికి చిన్న ప్రశ్న కాదు.

హాస్టల్లో మా పక్కగది జూనియర్ ఒకడు అడగనే అడిగాడు. "అన్నా, ఇరవై ఏళ్ళు దాటిన ఆట. ఆ మొహాలూ ఆ నడకా చూస్తే నవ్వొస్తోంది. దీనికి సెలవులన్నీ తగలెయ్యమంటావా?" అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఆ ఆట పేరు 'మారోవిండ్'. అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 2002లో విడుదల చేసింది. 'ఎల్డర్ స్క్రోల్స్' వరుసలో ఇది మూడవది. ప్రధాన రూపకర్త కెన్ రోల్‌స్టన్, సంగీతం జెరెమీ సోల్. ఆ తరువాత 2006లో 'ఆబ్లివియన్', 2011లో 'స్కైరిమ్' వచ్చాయి. మనవాళ్ళలో చాలామందికి తెలిసింది ఆ స్కైరిమే.

ముందు లోపం చెప్పేస్తాను, తరువాత నన్ను తిట్టుకోకుండా. కొట్లాట బాగుండదు. మన కత్తి ఎదుటివాడి ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కళ్ళకు కనిపిస్తుంది, కాని దెబ్బ తగలదు. ఎందుకనగా లోపల కంప్యూటరు పాచికలు వేసి చూస్తుంది: ఆ ఆయుధంలో మన నైపుణ్యం ఎంత, ఒంట్లో ఓపిక ఎంత మిగిలింది అని. కొత్తవాడు పరుగెత్తుకుంటూ పోయి, ఆ పరుగులోనే ఓపికంతా ఖర్చుపెట్టి, రొప్పుతూ యుద్ధం మొదలెడతాడు. మొదటి రోజు నేను ఎలుక చేతిలో చచ్చాను! ఇక క్లిఫ్ రేసర్లని ఎగిరే జంతువులు కొన్ని ఉన్నాయి, కొండదారిలో ఒక్క నిమిషం ప్రశాంతంగా నడవనివ్వవు. వాటిని ఆ ద్వీపం నుంచి తరిమేసినందుకు ఒకణ్ణి సాధుపుంగవుణ్ణి చేసినట్టు తరువాతి ఆటలో చెప్పుకుంటారు. తయారుచేసినవాళ్ళకీ తెలుసన్నమాట.

మరి ఎందుకాడాలి? దారి కోసం ఆడాలి.

ఇప్పటి ఆటల్లో చాలావాటికి తెరమీద బాణం గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని పోతే చాలు, ఎవరేం చెప్పారో వినక్కర్లేదు. మారోవిండ్‌లో ఆ బాణం లేదు. ఖైదీగా ఓడ దిగిన మనల్ని చక్రవర్తి ఉత్తరువు మీద విడిచిపెట్టి, బాల్మోరా పట్నంలో కయస్ అనే ఆయనకు ఒక పొట్లం అందజెయ్యమంటారు. ఆయన చొక్కా కూడా లేకుండా ఇంట్లో కూర్చుని ఉంటాడు. చేతిలో కాస్త డబ్బు పెట్టి, ముందు లోకం చూసి రమ్మంటాడు. తరువాత అప్పగించే మొదటి పని, పాడుబడిన ద్వేమర్ కోటలోంచి ఒక చిన్న పెట్టె తేవడం. దారి నోటిమాటగానే చెబుతారు: ఊరు దాటి దక్షిణంగా పో, ఒడాయ్ నది దాటు, పాత దారి పట్టుకుని ఎక్కు, ఫోయాడా మమేయా అనే పాత లావా లోయ మీద ద్వేమర్ వంతెన వస్తుంది, గొట్టం మీదున్న మర తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. మన పల్లెల్లో చెరువుకట్ట దాటి రావిచెట్టు కాడ ఎడమకు తిరగమన్నట్టే! ఒక్క గుర్తు సరిగా వినకపోతే బూడిదగాలిలో రాత్రంతా తిరగాల్సిందే. నేను తిరిగాను. ఆ తిరుగుడులో తగిలిన గుహలూ, సమాధులూ, దారి తప్పిన బాటసారులూ నాకిప్పటికీ గుర్తున్నాయి. బాణం చూపించిన ఏ ఊరూ నాకంత గుర్తులేదు.

దారి సంగతే కాదు, చరిత్ర కూడా అలాగే వెతుక్కోవాలి. నెరెవార్ అనే పూర్వకాలపు వీరుడు ఎట్లా చనిపోయాడు? యుద్ధంలో తగిలిన గాయాల వల్ల అని దేవాలయం వారి మాట. నమ్మినవాళ్ళే చంపి దేవుళ్ళై కూర్చున్నారని బూడిదనేలల సంచారజాతుల మాట. ఆ దేవుళ్ళలో ఒకడైన వివెక్ ఇంకా బతికే ఉన్నాడు, అడిగితే తన కథ తను చెబుతాడు. ఆటలోని పుస్తకాలు తిరగేస్తే ఒకదానితో ఒకటి పొసగదు. ఏది నిజమో ఆట తేల్చదు. చివరికి మనం నిజంగా ఆ వీరుడి పునర్జన్మమా, లేక చక్రవర్తి తన రాజకీయానికి వాడుకున్న పావులమా అన్నదీ పూర్తిగా తేలదు. చరిత్ర చదివే విద్యార్థి ఆధారాన్ని శంకించడం నేర్చుకోవాలంటారు గదా, నాకా అలవాటు కొంత ఇక్కడ అబ్బింది. సార్లు నొచ్చుకోకుందురుగాక.

ఇంకొకటి. మొదటి ఊరు దాటగానే ఆకాశం నుంచి ఒక మాంత్రికుడు కెవ్వున అరుస్తూ పడి చస్తాడు. వాడి దగ్గర మూడు మంత్రపత్రాలుంటాయి. చదివి గెంతితే ద్వీపంలో సగం దూరం ఎగిరిపోతాం. దిగేటప్పుడు ఏం చెయ్యాలో మాత్రం రాసి ఉండదు. ఈ ఆట మనల్ని వారించదు. కథకు అవసరమైన మనిషిని చంపినా సరే, విధి దారం తెగిందని ఒక మాట చెప్పి ఊరుకుంటుంది.

కనుక మా జూనియర్‌కి నా జవాబు: ఆడు, కాని సెమిస్టర్ పరీక్షలయ్యాక. మొదటి పది గంటలు ఓర్చుకో. ఒకే ఆయుధం పట్టుకుని దాన్నే వాడు, వాడినకొద్దీ నైపుణ్యం పెరుగుతుంది. యుద్ధానికి ముందు నడువు, పరుగెత్తకు. ఖరీదైన కంప్యూటరు అక్కర్లేదు. ఔత్సాహికులు 'ఓపెన్ ఎండబ్ల్యూ' అనే ఉచిత ఇంజన్ తయారుచేశారు, అసలు ఆట కొనుక్కుంటే దానిమీద లినక్సులో కూడా నడుస్తుంది. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరే దారి చెప్పినా రాసుకో. ఆ పెట్టె ఏ గదిలో ఉందో మాత్రం నన్నడగొద్దు.