పాత జీపునకు క్లచ్చి మార్చుట

ఇంజను తిరుగుచుండగనే బండిని నిలుపుటకును, గేరు మార్చుటకును, మరల మెల్లగా కదల్చుటకును వీలు కల్పించు సాధనము క్లచ్చి. ఇంజను వెనుక తిరుగు ఫ్లైవీలునకును, ప్రెషరు ప్లేటునకును నడుమ ఒక బిళ్ల యుండును. బలమైన స్ప్రింగులు దానిని అదిమి పట్టును. రెండరచేతుల నడుమ నొక్కిన పలక చేతులతోబాటు కదలునట్లు, ఆ బిళ్ల ఫ్లైవీలుతోబాటు తిరిగి గేరుబాక్సును త్రిప్పును. పెడలు త్రొక్కగనే పట్టు సడలును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యమునకై తయారైన విల్లీస్ జీపును 1940ల చివర మహీంద్రా సంస్థవారు మన దేశమున కూర్ప నారంభించిరి. ఆ వంశపు పాత జీపులను ఇంటివద్దనే బాగుచేసికొనువారు నేటికిని కలరు. అట్టివారి పనిని మనసులో నుంచుకొని దీనిని వ్రాయుచున్నాము.

ఎత్తు ఎక్కునపుడు ఇంజను బిగ్గరగా రొదచేసియు బండి వేగము హెచ్చకున్నచో, మాడువాసన వచ్చుచున్నచో, బిళ్ల జారుచున్నదని గ్రహింపవలెను. అంతమాత్రమున విప్పుటకు తొందరపడరాదు. పెడలును వ్రేలితో నొక్కిచూడుడు. పట్టు విడువక ముందు సుమారు ఒక అంగుళము వట్టి కదలిక యుండవలెను. దీనిని మెకానిక్కులు ‘ప్లే’ అందురు. అది లేనిచో స్ప్రింగుల బలము పూర్తిగా బిళ్లపై పడదు. కొత్త బిళ్లయు జారును. పలుమార్లు ఒక నట్టు సవరించినంత మాత్రమున పని తీరిపోవును.

విప్పక తప్పనిచో, ముందు ప్రాణరక్షణ. ఈ విషయమున ఒక చిత్రమైన చిక్కు కలదు. ఈ పాత జీపులలో పెక్కింటి చేతిబ్రేకు చక్రములను పట్టదు; గేరుబాక్సు వెనుకనున్న ట్రాన్స్‌ఫరు కేసువద్ద వెనుక ప్రొపెల్లరు షాఫ్టును పట్టును. క్లచ్చి మార్చుటకు ఆ షాఫ్టును విప్పవలెను గదా! విప్పిన క్షణముననే చేతిబ్రేకు వ్యర్థమగును. గేరులో నుంచుటయు నిష్ఫలమే. బండి తానై దొర్లిపోవచ్చును. కావున చదునైన గట్టినేలపై నిలిపి, చక్రములకు ముందువెనుకల బలమైన దుంగలు పెట్టి, చట్రము క్రింద గట్టి స్టాండ్లు నిలుపవలెను. వట్టి జాకీని నమ్మి బండి క్రింద దూరుట తగదు. ఇటుకలు అంతకంటెను ప్రమాదకరములు, పగిలిపోవును. పిల్లలు ఈ పనిని ఒంటరిగా చేయరాదు.

తరువాత బ్యాటరీ తీగ తీసి, షాఫ్టులను, తీగలను, కడ్డీలను విడదీసి, ఇంజను క్రింద చెక్క నుంచి జాకీతో ఆనించి, గేరుబాక్సును ట్రాన్స్‌ఫరు కేసుతో సహా వెనుకకు లాగవలెను. అది మిక్కిలి బరువు. ఇద్దరు ముగ్గురు కావలెను. అది బిళ్ల నడిమి రంధ్రముపై వ్రేలాడరాదు, బిళ్ల వంగిపోవును.

లోపలి నల్లని పొడిని నోటితో గాని, గాలిగొట్టముతో గాని ఊదకుడు. పాత బిళ్లల లైనింగులో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులలో చేరి, పెక్కేండ్లకు కేన్సరు మొదలగు వ్యాధులను కలిగింపగలదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టివేయవలెను.

ఇక బిళ్ల ఏల అరిగెనో చూడవలెను. మాకు తోచినంతలో ఈ పనిలో రసవంతమైన భాగమిదియే. లైనింగు నూనెతో తడిసియున్నచో, ఇంజను వెనుక సీలుగాని గేరుబాక్సు ముందు సీలుగాని కారుచున్నది. దానిని మార్చక కొత్త బిళ్ల నుంచుట డబ్బు దండుగ. రివెట్లు ఫ్లైవీలును గీసియున్నచో చాలకాలము ఉపేక్షించినారన్నమాట. రిలీజు బేరింగు గరగరలాడినచో, డ్రైవరు పెడలుమీద ఎల్లవేళల కాలానించు అలవాటు గలవాడు కావచ్చును. ఆ బేరింగును ఇప్పుడే మార్చుట మేలు. మరల ఇంత శ్రమ ఎవరు పడుదురు?

కొత్త బిళ్లను పాతదున్న దిశలోనే, చేతినూనె అంటకుండ ఉంచి, నడుమ ఒక పాత గేరుబాక్సు షాఫ్టును దూర్చి సరిగా మధ్యకు తెచ్చి, ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగింపవలెను. అటు చేయనిచో గేరుబాక్సు లోపలికి దూరదు. దూరనపుడు బోల్టులతో బలవంతముగా లాగరాదు. మరల మధ్యకు చేర్చవలెను.

అన్నియు బిగించిన పిదప పెడలు కదలికను అంగుళమునకు సవరించి, మొదటి దినములలో భారీ ఎత్తులను మానుకొని నడుపవలెను. కొత్త లైనింగు కొంత అణగిన తరువాత ఆ కదలికను మరల కొలిచి చూడుడు.