మార్కో పోలో చూడని రామప్ప

ఈ సంచికకి నేను రాస్తానని ఒప్పుకున్న వ్యాసం ఇది కాదు. "ప్రపంచంలో అత్యంత అందమైన పది ప్రదేశాలు" అని రాస్తానన్నా. చాలా ఈజీ అనుకున్నా. మాచు పిచ్చు, పెట్రా, అంగ్‌కోర్ వాట్, గ్రాండ్ కాన్యన్... ఒక్కోదానికి ఎనిమిది లైన్లు, ఒక ఫొటో. మనవాళ్లది కూడా ఒకటి ఉంటే బాగుంటుందని పదో నంబర్లో రామప్ప గుడిని పెట్టా. దాని కింద, నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే మాటే దించేశా: గుళ్లన్నీ నక్షత్రాలైతే అందులో అన్నిటికన్నా వెలిగే నక్షత్రం ఇదేనని మార్కో పోలో మెచ్చుకున్నాడని.

మా క్లబ్‌లో ఎడిటింగ్ చూసే అక్క ఆ లైన్ పక్కన ఒకే ఒక్క కామెంట్ పెట్టింది. "ఏ పుస్తకంలో అన్నాడు? ఎక్కడ?"

పది నిమిషాల పని అనుకుని కూర్చున్నా. రెండు రాత్రులు పోయాయి. ఓ ఇరవై పేజీలు తెరిచి ఉంటా. మొదటి పేజీ రెండోదాన్ని చూపిస్తుంది, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్నే. డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకి అర్థమవుతుంది: సర్క్యులర్ లింక్డ్ లిస్ట్. ఎంతసేపు తిరిగినా హెడ్ దొరకదు. చివరికి మార్కో పోలో పుస్తకమే తెరిచా. ఇంగ్లీషు అనువాదం ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ పని మొదట్లోనే చేయాల్సింది.

మన ప్రాంతం గురించి అందులో ఉన్నది చిన్న అధ్యాయం. మోటుపల్లి రేవు ఉంది. అంటే చీరాల దగ్గరి ఊరు, కాకతీయుల కాలంలో పెద్ద ఓడరేవు. సముద్ర వ్యాపారులకు భయం లేదని హామీ ఇస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడిదే. పోలో రాతల్లో వజ్రాలు ఉన్నాయి, లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయన్న కథ ఉంది, సాలెగూడులాంటి సన్నని బట్ట ఉంది. న్యాయంగా ఏలే ఒక రాణి కూడా ఉంది. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. అయితే పోలో ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు, నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. పైగా రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది, పోలో చైనా నుంచి బయల్దేరి ఈ సముద్రం మీదుగా వెళ్లింది ఆ తర్వాతే. అంటే రేవులో విన్న మాటలు రాసుకున్నాడన్నమాట.

రామప్ప మాత్రం ఎక్కడా లేదు. పాలంపేట లేదు, అడవిలో గుడి లేదు, నక్షత్రం అసలే లేదు.

అక్కకి "లేదు అక్కా, తీసేస్తున్నా" అని మెసేజ్ పెట్టా. "సరే, తీసేశాక అక్కడ ఏం మిగిలింది?" అంది. ఫైల్ చూసుకున్నా. "అద్భుతమైన శిల్పకళ", "కాకతీయుల వైభవం", "తప్పక చూడాల్సిన ప్రదేశం". ఈ మూడు మాటల్నీ ఏ గుడి కింద పెట్టినా సరిపోతాయి. నేను పుట్టి పెరిగింది హనుమకొండలో. ఆ గుడి మా ఇంటికి డెబ్భై కిలోమీటర్లు కూడా ఉండదు. రెండుసార్లు వెళ్లా కూడా. ఆరో తరగతిలో స్కూల్ వాళ్లు తీసుకెళ్లారు (బస్సులో పులిహోర తిన్నది బాగా గుర్తుంది), ఇంటర్ అయ్యాక ఫ్రెండ్స్‌తో వెళ్లి ఓ వంద ఫొటోలు దిగాం. అయినా దాని గురించి సొంతంగా చెప్పడానికి ఒక్క వాక్యం లేదు నా దగ్గర. అందుకే ఎప్పుడూ వినని ఇటలీ ఆయన సర్టిఫికెట్ అరువు తెచ్చుకున్నా.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మళ్లీ వెళ్దామని అనుకున్నా. ఈసారి చదువుకుని వెళ్లాలని యునెస్కో వెబ్‌సైట్ తీశా. అక్కడ నాకు ఒక విషయం భలే నచ్చింది. ఒక ప్రదేశం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాలంటే పది ప్రమాణాల్లో కనీసం ఒకదానికైనా సరితూగాలి. ఆరు సాంస్కృతికం, నాలుగు ప్రకృతికి సంబంధించినవి. ఈ పదింటిలో 'అందం' అన్న మాట ఒక్కదాంట్లోనే ఉంది, ఏడోదాంట్లో. అదీ ప్రకృతి అందం గురించే. మనుషులు కట్టిన వాటిని ఎంచేటప్పుడు అందంగా ఉందా అని అడగరు. మనిషి సృజనకి ఇది గొప్ప నమూనానా? ఒక సంస్కృతికి సాక్ష్యంగా నిలబడిందా? ఇలాంటివి అడుగుతారు. రామప్ప చేరింది మొదటి, మూడో ప్రమాణాల కింద. మొదట 2014లో తాత్కాలిక జాబితాకి వెళ్లినప్పుడు వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప మూడూ కలిపి వెళ్లాయి. 2021 జులై 25న అసలు జాబితాలో చేరింది రామప్ప ఒక్కటే. ఇది రాసే నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ జాబితాలో ఉన్నది ఇదొక్కటే.

వెళ్తుంటే అమ్మమ్మ నేనూ వస్తానంది. మోకాళ్ల నొప్పులు, ఆరడుగుల ఎత్తు పీఠం, ఎక్కలేవంటే వినలేదు. "నా పెండ్లయినంక శివరాత్రికి ఎడ్లబండి కట్టుకొని వచ్చినం రా. గప్పుడు ఎక్కలేదా?" అంది. గప్పటికీ ఇప్పటికీ యాభై ఏళ్ల పైనే తేడా అని నేను అనలేదు.

గుడి తూర్పు ముఖం. పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడున్నాం కాబట్టి ఎండ నేరుగా మండపంలోకి పడుతోంది. ఇక్కడ రెండు రకాల రాయి వాడారు. గోడలు, పీఠం ఎర్రటి ఇసుకరాయి. లోపలి నాలుగు పెద్ద స్తంభాలు, చూరు కింద ఉండే ఆడవాళ్ల బొమ్మలు నల్లటి డోలరైట్. ఇసుకరాయి మెత్తన, చెక్కడం తేలిక, కాకపోతే ఎండకీ వానకీ అరుగుతుంది. డోలరైట్ మొండిది, చెక్కడం నరకం, కానీ ఒకసారి నునుపు పట్టాక అలాగే ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత తేడా కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది: గోడ మీద ఏనుగుల వరుసలో కొన్నిటి ముఖాలు మసకబారాయి, పైనున్న మదనిక వేలి గోరు మాత్రం స్పష్టంగా ఉంది. మూడు ద్వారాలకి నాలుగేసి చొప్పున పన్నెండు మంది మదనికలు. ఒకామె కాళ్లకి మడమ ఎత్తుగా ఉన్న చెప్పులు చూపించి "హైహీల్స్ సార్, అప్పుడే ఉన్నయ్" అన్నాడు గైడ్. అందరూ అక్కడే ఫొటో తీసుకుంటారు. ఇంటర్‌లో నేనూ తీసుకున్నా. ఈసారి నేను చూసింది మదనికల నడుం వంపు. కింద స్తంభానికీ పైన చూరుకీ మధ్య ఏటవాలుగా అమర్చిన బొమ్మ అది. వంగినట్టు నిలబడితే తప్ప అక్కడ ఇమడదు. ఆ ఏటవాలునే నాట్య భంగిమగా మార్చేశాడు శిల్పి. ఇచ్చిన కన్‌స్ట్రెయింట్‌నే డిజైన్‌గా వాడుకోవడమంటే ఇదేనేమో అనిపించింది.

నాట్యం అంటే గుర్తొచ్చింది. గణపతిదేవుడి గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' అని సంస్కృతంలో నాట్యశాస్త్రం రాశాడు, 1253-54 ప్రాంతంలో. నటరాజ రామకృష్ణ గారు ఆ పుస్తకాన్నీ ఈ శిల్పాల్నీ దగ్గర పెట్టుకునే పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. చాలామంది ఆ పుస్తకం చూసి ఈ బొమ్మలు చెక్కారనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. తేదీలు కుదరవు. గుడి శాసనం 1213 నాటిది. పని 1213లో మొదలై ఓ 40 ఏళ్లు సాగిందని నమ్మిక, అని యునెస్కో రాసింది. ఎలా లెక్కేసినా జాయప పుస్తకం పూర్తయ్యేసరికి ఈ బొమ్మల్లో చాలావరకు నిలబడే ఉండాలి. బహుశా శిల్పులూ జాయపా ఇద్దరూ చూసింది ఒకే నాట్యాన్ని, నిజంగా ఆడుతున్న మనుషుల్ని.

ఇక మనవాళ్లు రీల్స్‌లో ఎక్కువగా చెప్పే 'తేలే ఇటుకలు'. ఇది నిజమే. శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. గైడ్ తన ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు. మంత్రమేమీ లేదు, సాంద్రత నీటికన్నా తక్కువ ఉంటే ఏదైనా తేలుతుంది. మామూలు ఇటుక సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు పైనే కాబట్టి మునుగుతుంది. మట్టిలో కాలిపోయే పదార్థం ఏదైనా కలిపి కాలిస్తే, అది కాలిపోయిన చోటల్లా గాలి రంధ్రాలు మిగిలి ఇటుక స్పాంజిలా అవుతుంది. నాకు ఆసక్తిగా అనిపించింది ఎలా తేలుతుందన్నది కాదు, అంత తేలికైన ఇటుక ఎందుకు కావాల్సి వచ్చిందన్నది. రాయి నొక్కుడుకి బాగా ఓర్చుకుంటుంది, వంపుకి ఓర్చుకోదు. రెండు స్తంభాల మీద అడ్డంగా పడుకున్న రాతి దూలం నెత్తిన మోయలేనంత బరువు పెడితే అది మధ్యలో పగులుతుంది. అందుకే నెత్తి మీద బరువు తగ్గించారు. నీళ్లలో తేలడం వాళ్లకి అవసరమే లేదు, అది మనకి కనిపించిన సైడ్ ఎఫెక్ట్.

పునాదిది ఇంకో కథ. గోయి తీసి ఇసుక నింపి, దాని మీద గుడి నిలబెట్టారు. దీన్ని సాండ్‌బాక్స్ పద్ధతి అంటారు. (మా బ్రాంచ్‌లో సాండ్‌బాక్స్ అంటే నమ్మకం లేని ప్రోగ్రామ్‌ని విడిగా పెట్టి నడిపించే చోటు. ఈ మాట గైడ్ నోట వినగానే నవ్వొచ్చింది. కానీ లోపలి అల్లరి బయటికి, బయటి అల్లరి లోపలికి రాకుండా చూడడమే రెండింటి పనీ.) నేల కదిలినప్పుడు ఇసుక రేణువులు ఒకదాని మీద ఒకటి జరిగి ఆ ఊపుని కొంత మింగేస్తాయి. ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ కలిపారని గైడ్ చెప్పాడు. "భూకంపం వచ్చినా చెక్కు చెదరలేదు" అని కూడా అన్నాడు. అప్పుడు అమ్మమ్మ కిందికి చూసి "మరి గీ బండలు గిట్ల కుంగినయేంది?" అంది.

నిజమే, కుంగాయి. పీఠం మీద నడుస్తుంటే రాళ్లు ఎగుడుదిగుడుగా కాలికి తగులుతాయి. కొన్ని దూలాలు పగిలాయి. ఎదురుగా నంది మండపానికి కప్పు లేదు, నంది మాత్రం లేవబోతున్నట్టు కూర్చుని ఉంది. పక్కనున్న కామేశ్వరాలయాన్ని పురావస్తు శాఖ విప్పదీసి మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. ఇసుక ఊపుని మింగుతుంది, అదే ఇసుక మెల్లగా సర్దుకుంటుంది కూడా. చెక్కు చెదరలేదనడం మార్కో పోలో మాటలాంటిదే. గుడి చెదిరింది, సర్దుకుంది, అయినా నిలబడింది. నాకు ఈ మాటే ఎక్కువ నచ్చింది. గైడ్‌కి మాత్రం అమ్మమ్మ ప్రశ్న అంతగా నచ్చలేదు.

తర్వాత చెరువు దగ్గరికెళ్లాం. కాకతీయులు గుడి ఒక్కటే కట్టి వదిలేయలేదు, గుడి ఉన్నచోట చెరువు, చెరువు ఉన్నచోట ఊరు. ఇప్పటికీ రామప్ప చెరువు కింద వరి పండుతోంది. నా టాప్ టెన్‌లో దీనికి చోటే లేదు, ఫొటోలో మామూలు చెరువులాగే ఉంటుంది కాబట్టి. అమ్మమ్మ గుడిలో కన్నా ఎక్కువసేపు కట్ట మీదే కూర్చుంది. ఈ నీళ్లు ఏయే ఊళ్లకి పోతాయో దారినపోయే ఆయన్ని అడిగి తెలుసుకుంది.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది శాసనం. ఆవరణలోనే ఉంది ఆ రాతి స్తంభం. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిన సంగతి మనకి తెలిసింది దానివల్లే. గుడి అసలు పేరు రుద్రేశ్వరాలయం, యునెస్కో జాబితాలో కూడా ముందు ఆ పేరే ఉంది. రామప్ప అన్నది శిల్పి పేరని జనం చెప్పుకుంటారు. కట్టించిన సేనాని పేరు రాతి మీద ఉంటే, చెక్కినవాడిదని చెప్పుకునే పేరు జనం నోట్లో ఉంది. నోట్లో ఉన్న పేరే గెలిచింది. రుద్రేశ్వరం ఎక్కడా అని అడిగితే బస్సు కండక్టర్ కూడా చెప్పలేడు.

"ఏం రాసుందిరా?" అంది అమ్మమ్మ.

"సంస్కృతం అమ్మమ్మా."

"అచ్చరాలు మనయే గదా? సదువు."

అక్షరాలు మనవే, ఎనిమిది వందల ఏళ్ల కిందటి మన లిపి. దగ్గరికెళ్లి చూశా. ఏదో తెలిసినట్టే ఉంటుంది, చదవబోతే జారిపోతుంది. నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇప్పటి తెలుగే కాస్త మెల్లగా చదువుతా. అమ్మమ్మకి అసలు చదువు రాదు. ఆ రాయి ముందు మేమిద్దరం సరిగ్గా ఒకే క్లాసు. "గంత సదువుతున్నవ్, గిదొస్తలేదా?" అని ఆమె ఎగతాళిగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి: హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుని, ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పాలంపేట వైపు తిరగాలి. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి నల్లరాయి మీద మెరుపు పోతుంది, కాళ్లు కూడా కాలతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకెళ్లండి, గైడ్‌ని వాళ్లు అడిగే ప్రశ్నలు మనకి తట్టవు.

శాసనం ఫొటో తీసుకొచ్చా. లిపి పరిణామం చూపించే ఒక చార్టు మన లైబ్రరీలో దొరికింది, దాని జిరాక్స్ పక్కన పెట్టుకుని రోజూ కాసేపు కూర్చుంటున్నా. ఇప్పటికి మొదటి లైన్‌లో పదకొండు అక్షరాలు గుర్తుపట్టా. అందులో రెండు తప్పని అక్క అంటోంది.