తెర అవతలి మనిషిని కాచుకో

చిరంజీవి అమ్మలుకి,



నిన్ను భారత యువ బ్రిడ్జ్ జట్టులోకి తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇరవై ఆరేళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ పోటీలో దేశం పేరున్న చొక్కా వేసుకుని ఆడటం మన ఇళ్ళల్లో ఇంతవరకూ ఎవరికీ దక్కని గౌరవం. చాలా సంతోషంగా ఉంది. అయితే, "పేకాడటానికి పిల్లని పైదేశం పంపిస్తున్నారా?" అని చుట్టాలు అడుగుతుంటే ఏం చెప్పాలో మీ నాన్నకి తోచడం లేదట. ముందు ఆ సంగతి తేల్చేసి, తరవాత నీ సంగతికి వస్తాను.

మీ నాన్నకి ఇలా చెప్పు. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో తీర్పు వచ్చింది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని కోర్టు తేల్చింది. ముక్కలు పంచడంలో ఉండే అదృష్టం బ్రిడ్జ్‌లో ఎలాంటిదో రమ్మీలోనూ అలాంటిదేనని పోలిక తెచ్చింది. అంటే నేర్పుకి కొలబద్దగా జడ్జీలకి గుర్తొచ్చింది బ్రిడ్జే. జట్ల పోటీలో ఆ పంపకం అదృష్టాన్ని కూడా చాలామటుకు తీసేశారు. నువ్వూ నీ పార్ట్‌నరూ ఒక గదిలో నార్త్-సౌత్‌గా ఏ ముక్కలు పట్టుకుంటారో, రెండో గదిలో ప్రత్యర్థి జట్టు నార్త్-సౌత్ కూడా అవే పట్టుకుంటుంది. అక్కడ ఈస్ట్-వెస్ట్‌గా కూర్చునేది మీ జట్టులోని రెండో జోడీ. మంచి ముక్కలు పడటం వల్ల ఎవరూ గెలవరు, అవే ముక్కలతో ఎవరు ఎంత రాబట్టారన్నదే లెక్క. ఇంకా నమ్మకం కుదరకపోతే, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌ని మొదటిసారి పెట్టినప్పుడు ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చారని చెప్పు. అప్పటికి ఒకాయనకి 60, ఇంకొకాయనకి 56. 2023లో హాంగ్‌ఝౌలో మన పురుషుల జట్టు రజతం తెచ్చింది. చుట్టాల నోరు మూయించడానికి ఇది చాలు.

ఇక నీ సంగతి. ఈ యువ జట్ల పోటీ 1987లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. ఆ ఏడు ఆతిథ్యం ఇచ్చిన నెదర్లాండ్సే గెలిచింది. ఆ తరవాత బాలి, బ్యాంకాక్, ఫిలడెల్ఫియా, ఇస్తాంబుల్, ఇటలీలో సాల్సోమజ్జోరె ఇలా ఊళ్ళు తిరిగింది. ఇప్పుడు ఇరవై ఒకటి లోపు, పదహారు లోపు పిల్లలకి, అమ్మాయిలకి వేరే విభాగాలున్నాయి. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది చిన్నప్పుడే ఆట మొదలెట్టినవాళ్ళు. వాళ్ళ బిడ్డింగు సిస్టమ్స్ చూసి బెదరకు. నీకూ అన్నీ వచ్చు. నేను క్లబ్బుల్లోనూ ఆఫీసు జట్లలోనూ ఇన్నేళ్ళు ఆడుతూ, చూస్తూ గమనించింది ఒకటే. ఆట రాక ఓడిపోయే జట్లు తక్కువ. ఒక బోర్డు, అంటే ఒక పంపకం, పాడైతే దాని చికాకుతో వెనకే వచ్చే మూడు బోర్డులు పాడుచేసుకుని ఓడేవే ఎక్కువ. ఆ చికాకు పుట్టేది ఇద్దరు పార్ట్‌నర్ల మధ్యనే. అందుకే ఈ ఉత్తరమంతా పార్ట్‌నర్ గురించే.

ముందు ఇంపుల లెక్క, అంటే రెండు గదుల పాయింట్ల తేడాని మార్చి వేసే లెక్క, చూడు. నీకు తెలిసిన లెక్కే అయినా, దాన్ని మనసుకి పట్టించుకోవడం వేరు. మీరు వల్నరబుల్, అంటే గెలిస్తే బోనసూ పడితే జరిమానా రెండూ ఎక్కువ. నీ పార్ట్‌నర్ కొంచెం తెగించి నాలుగు ఇస్పేట్లు పాడింది. అవతలి గదిలో మూడుతో ఆపారు. పది పట్లు వస్తే మీకు 620, వాళ్ళకి 170. తేడా 450, అంటే 10 ఇంపులు మీవి. తొమ్మిదే వస్తే మీకు 100 నష్టం, వాళ్ళకి 140 లాభం. తేడా 240, 6 ఇంపులు వాళ్ళవి. వస్తే పది, పోతే ఆరు. కాబట్టి ఎనిమిదిసార్లు అలా పాడి మూడుసార్లు గెలిచినా మీరు నష్టపోరు. మూడు పదులు ముప్పై, అయిదు ఆర్లు ముప్పై.

ఈ లెక్కకి ఇంకో అర్థం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నీ పార్ట్‌నర్ సరిగ్గా పాడినా ఎనిమిదింట అయిదుసార్లు కాంట్రాక్టు పడిపోవచ్చు. పడిపోయిన ప్రతిసారీ నువ్వు నిట్టూర్చినా, ముక్కలు బోర్డులో విసురుగా దోపినా, తొమ్మిదోసారి ఆ పిల్ల పాడదు. సరిగ్గా ఆ తొమ్మిదోదే గెలిచేది అవుతుంది. నువ్వు ఒక్క మాట అనకుండానే ఆ పిల్ల పాటని పాడుచేసినట్టవుతుంది. కనక ఏ బోర్డు అయినా అయిపోయాక చూడవలసింది వచ్చిన ఫలితం కాదు, ఆ క్షణాన తెలిసినదాన్ని బట్టి ఆ నిర్ణయం సరైనదా కాదా అని. అదైనా మ్యాచి అయ్యాకే.

ఇదే మాట నీ ఆటకీ వర్తిస్తుంది. ఒక చెయ్యి చూపిస్తాను. వల్నరబుల్‌గా నాలుగు ఇస్పేట్లు నువ్వు ఆడుతున్నావు. తురుపులో నీ చేతిలో ఆసు, తొమ్మిది, ఆరు, నాలుగు, రెండు ఉన్నాయి. డమ్మీలో, అంటే పార్ట్‌నర్ బల్ల మీద పరిచిన ముక్కల్లో, రాజు, పది, ఏడు, మూడు. బయట రాణి, జాకీ, ఎనిమిది, అయిదు. మిగతా రంగుల్లో రెండు పట్లు పోవడం ఖాయం. తురుపులో ఒకటి పోయినా గట్టెక్కుతావు, రెండు పోతే మునుగుతావు. తొందరపడే ఆటగాడు ఆసు కొట్టి రాజు కొడతాడు. బయటి నాలుగూ రెండు రెండుగా ఉంటే ఒక్క పట్టూ పోదు, ఒకటి అదనంగా వస్తుంది. కానీ నాలుగూ డమ్మీ వెనకాల కూర్చున్నవాడి దగ్గరే ఉంటే రెండు పట్లు పోయి కాంట్రాక్టు పడిపోతుంది. నువ్వు చెయ్యవలసింది ఏమిటంటే, నీ చేతిలోంచి రెండు ఆడి, ఎడమ పక్కవాడు చిన్నది వేస్తే డమ్మీలోంచి పది వెయ్యి. అది రాణికో జాకీకో పోయిందంటే బయట మిగిలేవి రెండే, ఆసూ రాజూ వాటిని లాగేస్తాయి. కుడి పక్కవాడి దగ్గర ఇస్పేటే లేకపోతే పదే గెలుస్తుంది. ఎడమ పక్కవాడి దగ్గరే లేకపోతే రాజు వేసి, తిరిగి నీ ఆసు-తొమ్మిది వైపు ఆడతావు. ముక్కలు ఎలా పంచి ఉన్నా ఒక్క పట్టుకి మించి పోదు.

దీని ఖరీదు ఎంత? రెండు రెండుగా ఉండే అవకాశం నూటికి నలభై దాకా ఉంది. అప్పుడు అదనపు పట్టు వదులుకున్నందుకు 30 పాయింట్లు, అంటే 1 ఇంపు. డమ్మీ వెనకాల నాలుగూ ఉండే అవకాశం నూటికి అయిదు. అప్పుడు నువ్వు కాపాడేది 720 పాయింట్ల తేడా, అంటే 12 ఇంపులు. జోడీల పోటీలో అయితే అదనపు పట్టుకి ప్రాణం పెట్టాలి, అక్కడ లెక్క వేరు. జట్ల పోటీలో కాంట్రాక్టే ప్రాణం. అయితే చాలాసార్లు అవతలి గదిలో మొరటుగా ఆడినవాడికే ఆ ఒక్క ఇంపు దక్కుతుంది. స్కోర్లు కలుపుకునేటప్పుడు మీ రెండో జోడీ, "ఇక్కడ ఒకటి ఎలా పోయింది?" అంటుంది. "జాగ్రత్తకి పోయింది" అని చెప్పి తరవాతి బోర్డుకి వెళ్ళు. మీలో మీకు ఆ మాట చాలాలి. చాలని జట్టులో ఎవరూ జాగ్రత్తగా ఆడరు.

తర్వాత తెర సంగతి. క్లబ్బులో మనం ఎదురుబొదురుగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆడతాం. అక్కడ బల్లకి అడ్డంగా తెర ఉంటుంది. నార్త్, ఈస్ట్ ఒక వైపు. సౌత్, వెస్ట్ ఇంకో వైపు. పార్ట్‌నర్ నీకు కనపడదు. బిడ్డింగు కార్డులు ట్రేలో పెట్టి తెర కింది నుంచి తోస్తారు. నీ బిడ్డుకీ నీ పార్ట్‌నర్ బిడ్డుకీ అర్థం నీ వైపున్న ప్రత్యర్థికి నువ్వే కాగితం మీద రాసి చూపాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మీ ఒప్పందంలో లేనిదాన్ని ఊహించి రాయకు, "ఒప్పందం లేదు" అని రాయి. ట్రే ఆలస్యంగా వచ్చిందంటే అవతలి వైపు ఎవరో ఆలోచించారని అర్థం. అది పార్ట్‌నరే అయ్యుంటుందని అనిపించినా, దాన్ని పట్టుకుని బిడ్డు చెయ్యకు. నువ్వు మామూలుగా ఏం పాడేదానివో అదే పాడు. మీ వైపు తేలిక బిడ్డులప్పుడు కూడా ట్రేని ఒక్క క్షణం ఆపి పంపడం అలవాటు చేసుకో. అప్పుడు నీ ఆలోచన నీ పార్ట్‌నర్‌కి ఇరకాటం తెచ్చిపెట్టదు.

నిజాయితీ గురించి నీకు పాఠం చెప్పనక్కర్లేదు. అయినా ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. 2015లో నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్, అంతకు ముందు తనతో ఒకే జట్టులో ఆడిన జోడీ మోసం చేస్తోందని బయటపెట్టాడు. బోర్డుని బల్ల మీద ఎక్కడ పెడుతున్నారన్న దాన్ని బట్టి ఏ రంగు లీడ్ చెయ్యాలో ఒకరికొకరు చెప్పుకుంటున్నారని వీడియోలు చూసి తేల్చారు. ఆ ఇద్దరూ యువ పోటీల్లో పేరు తెచ్చుకుని పైకి వచ్చినవాళ్ళే. వాళ్ళతో కలిసి గెలిచిన టైటిళ్ళని బ్రోగెలాండ్ తనంతట తనే వదులుకున్నాడు. బల్ల దగ్గర ఏ చిన్న అనుమానం వచ్చినా, వాదన పెట్టుకోకు. డైరెక్టర్ని పిలువు. అది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, ఆట పద్ధతి. నీ మీద ఎవరైనా పిలిచినా మొహం మాడ్చుకోకు.

జట్టులో ఆరుగురు ఉంటారు, ఒకేసారి ఆడేది నలుగురు. ఒకనాడు కాకపోతే ఒకనాడు కెప్టెన్ మీ జోడీని కూర్చోబెడతాడు. బహుశా మీరు బాగా ఆడుతున్న రోజునే. కారణం అడగకు. అలసట, ప్రత్యర్థుల సిస్టమ్, రేపటి మ్యాచి, ఇలా ఆయన లెక్కలు ఆయనకి ఉంటాయి. మీ మనసులో మాట చెప్పాలంటే రాత్రి చెప్పండి, లైనప్ ఇచ్చేశాక కాదు. కూర్చున్న పూట ఇంటర్నెట్‌లో మీవాళ్ళ ఆట చూస్తూ "ఇదేం ఆట" అని నవ్వుకోవడం మొదలెట్టారంటే, ఆ నవ్వు సాయంత్రానికి భోజనాల బల్ల దాకా వస్తుంది. అన్ని చేతులూ కనపడుతుంటే అందరూ ఆటగాళ్ళే. దానికి బదులు నిద్రపో, లేకపోతే రేపటి ప్రత్యర్థుల కన్వెన్షన్ కార్డు చదువు. ఆడి వచ్చిన నలుగురికి మంచినీళ్ళు, తినడానికి ఏదైనా సిద్ధంగా పెట్టు. పదిరోజుల పోటీలో ఇవి కూడా ఇంపులే.

మొదటి దశలో మ్యాచికి ఇరవై విక్టరీ పాయింట్లు ఉంటాయి. సమానమైతే పది, పది. ఒక మ్యాచి చిత్తుగా ఓడినా మిగిలినవి బోలెడు. మొదటి రోజున పెద్ద జట్టు చేతిలో రెండో మూడో పాయింట్లతో బయటపడ్డామని దిగులుపడి, రెండో రోజు చిన్న జట్టు మీద ఆ లోటు పూడ్చాలని అడ్డంగా స్లామ్‌లు పాడిన జోడీలే నాకౌట్ దాకా రాకుండా ఇంటికి వస్తాయి. అవతలి గది స్కోరు నీకు తెలియదు, ఊహించకు. వెనకబడి ఉన్నామని నువ్వు ఊహించుకుని తెగిస్తే, మీ రెండో జోడీ అక్కడ తెచ్చిన ఆధిక్యాన్ని నువ్వు ఇక్కడ పారబోసినట్టవుతుంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ప్రయాణానికి ముందు నీ పార్ట్‌నర్‌తో ఒక పూట కూర్చో. సిస్టమ్ నోట్సు ఎలాగూ చూసుకుంటారు. అది అయ్యాక ఈ ఒప్పందాలు కూడా కాగితం మీద రాసుకోండి. బోర్డు పాడైతే ఆ బోర్డు గురించి మాట్లాడేది మ్యాచి అయ్యాకే. తప్పెవరిదన్న ప్రశ్న భోజనం అయ్యాకే. "నువ్వు ఎందుకలా చేశావ్" అనడానికి బదులు "నాకు ఏం అర్థమైందంటే" అని మొదలెట్టాలి. ఆ రాత్రి పడుకునే లోపు ఆ రోజు ఆడిన చేతుల్లో మీ ఒప్పందంలో లేని బిడ్డు ఏదైనా వచ్చిందేమో చూసి, దానికి ఒక అర్థం ఖాయం చేసుకుని, నోట్సులో చేర్చి, పడుకోవాలి. ఇవన్నీ ఇక్కడే, ఇద్దరి మనసూ నిమ్మళంగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. అక్కడ అయిదో రోజున, వరసగా రెండు మ్యాచిలు పోయాక, ఇలాంటివి మాట్లాడుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

మీ నాన్నతో నేను విడిగా మాట్లాడతాను. స్వెట్టర్ మరిచిపోకు, ఆడే హాళ్ళలో ఏసీ గట్టిగా పెడతారు.

ఆశీస్సులతో,
మీ మావయ్య