సంతకం పెట్టారు సరే, నకలేదీ?

విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ, న్యూరోసైన్స్ పరిశోధనలకు స్వచ్ఛందంగా వెళ్లొచ్చినవాళ్లు ఈ మధ్య వరసగా న్యాయ సలహాకు వస్తున్నారు. రికార్డు చేసిన ఇంటర్వ్యూ తీసేయమంటే తీయడం లేదని ఒకరు, స్కానింగ్‌లో ఏదో తేడా ఉందని నోరుజారిన టెక్నీషియన్ ఆ తర్వాత మాట దాటేస్తున్నాడని మరొకరు, మధ్యలో మానేస్తే ఇంటర్నల్ మార్కులు కోసేశారని విద్యార్థులు. ఫిర్యాదులు వేరైనా లోటు మాత్రం అందరిదీ ఒకటే. మీరు సంతకం పెట్టిన కాగితం చూపించండి అంటే ఒక్కరి దగ్గరా లేదు. సాధారణంగా ఆ సమ్మతి పత్రం చివర, సంతకం గీతకు సరిగ్గా పైన, మూడు వాక్యాలు అచ్చై ఉంటాయి: ఇదంతా నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు, నా సందేహాలు తీరాయి, ఈ పత్రం నకలు నాకు అందింది. అప్పటికే తల మీద ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టడానికి జెల్ సిద్ధంగా ఉంటుంది, పక్క గదిలో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. పెన్ను అందుకుని సంతకం చేసేస్తారు. నకలు అందలేదు, కానీ అందిందని మీ చేత్తో మీరే రాసిచ్చారు. రేపు గొడవ వస్తే ఆ వాక్యాన్నే మీ ముందు పెడతారు.

ఒక్క కాగితానికి ఇంత రాద్ధాంతమా అంటే, ఈ రంగంలో చట్టం బాగా పలుచన కాబట్టి. కొత్త మందుల క్లినికల్ ట్రయల్లో పాల్గొన్నవారికి హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. జ్ఞాపకశక్తి పరీక్ష, ఈఈజీ, ప్రశ్నావళి, మెదడు స్కానింగ్ లాంటివి మందుల ట్రయల్స్ కావు. ఆ పరిహారం లెక్కలు వీటికి వర్తించవు. వీటికి దారి చూపేది భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు. సమాచారం మీ భాషలో ఇవ్వాలని, సమ్మతి పత్రం నకలు మీ చేతికివ్వాలని, ఎప్పుడైనా తప్పుకోవచ్చని అవి చెబుతాయి. మంచి మాటలే, కానీ అవి మార్గదర్శకాలు, పార్లమెంటు చేసిన చట్టం కాదు. చట్టం బలంగా మాట్లాడే చోట్లు తక్కువ, వాటిలో ఒకటి ఇది: మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తిని పరిశోధన కోసం ఇంటర్వ్యూ చేయాలన్నా స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలని, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ అంటోంది. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని నమ్ముకుందామంటే, నిర్ణీత ప్రమాణాలు పాటిస్తూ, సదరు వ్యక్తిపై నిర్ణయాలు తీసుకోవడానికి డేటా వాడనంతవరకు, పరిశోధనకు అందులో మినహాయింపు ఉంది. కాబట్టి మీ హక్కులు ఏమిటి, ఎంతవరకు అన్నది చాలావరకు మీరు సంతకం పెట్టిన ఆ రెండు మూడు పేజీల్లోనే ఉంటుంది. ఆ పేజీలు వాళ్ల బీరువాలో ఉండి మీ చేతిలో లేకపోతే మీకు అండ ఏది?

తప్పుకునే హక్కునే చూడండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు అన్న మాట విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. మీ సమాచారాన్ని ల్యాబ్‌లో మీ పేరుతో కాకుండా ఒక కోడ్ నంబరుతో దాస్తారు. పేరుకూ నంబరుకూ ఉన్న లంకె కొంతకాలానికి చెరిపేస్తారు. ఆ తర్వాత మీరెంత అడిగినా ఏది మీదో వాళ్లకే తెలియదు. ఆ గడువు ఎంతో, రికార్డింగు ఎవరెవరు వింటారో, స్కానింగ్‌లో అనుకోకుండా ఏదైనా కనబడితే మీకు చెబుతారో లేదో, అన్నీ సమాచార పత్రంలో ఉండాలి. నకలు తీసుకున్నవాడికి గడువు తెలుస్తుంది. తీసుకోనివాడు గడువు దాటాక తలుపు తడతాడు.

ఎథిక్స్ కమిటీ ఉంది కదా, అది చూసుకోదా అని అడుగుతారు. కమిటీ చూసేది నమూనా పత్రాన్ని. సంతకం తీసుకునే గదిలో కమిటీ కూర్చోదు. ఆ గదిలో ఏం జరగగలదో తెలుగు నేలకు తెలుసు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన ప్రాజెక్టులో 9,543 సమ్మతి పత్రాలు చూస్తే 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలవి. అది టీకా కథ, సైకాలజీ కాదు, నిజమే. కాగితం మీద పద్ధతి ఉంటే చాలు, మనిషికి రక్షణ ఉన్నట్టే అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు.

ఇంకో అభ్యంతరం పరిశోధకుల నుంచి వస్తుంది: ప్రయోగం ఉద్దేశం ముందే చెబితే ఫలితం పాడవుతుంది, అన్నీ రాసివ్వలేం అని. ఒప్పుకోవాల్సిన మాటే. కమిటీ అనుమతితో ఉద్దేశం దాచవచ్చు, ప్రయోగం అయ్యాక విప్పి చెప్పాలి. కానీ ఉద్దేశం దాచడం వేరు, పత్రం నకలు దాచడం వేరు. ప్రశ్నలు నింపడమే కదా, హాని ఏముంటుంది అన్న మాట మాత్రం ఒప్పుకోలేం. చచ్చిపోవాలనిపించిందా అన్న ప్రశ్నకు ఒక అమ్మాయి నిజాయితీగా ఇచ్చిన జవాబు బయటికి పొక్కితే పెళ్లి సంబంధం దగ్గరా ఉద్యోగం దగ్గరా ఏమవుతుందో అడిగేవాళ్లకూ తెలుసు. నేరం మోపబడిన మనిషి మెదడు తరంగాలను కూడా అతని ఇష్టం లేకుండా పరీక్షించకూడదని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నిందితుడికే అంత గౌరవం దక్కినప్పుడు, మంచి మనసుతో వచ్చి రెండు గంటలు కూర్చున్న విద్యార్థికి ఒక జిరాక్సు ఇవ్వడానికి బాధేమిటి?

విద్యార్థుల సంగతి మరీ ఘోరం. పాఠం చెప్పే ప్రొఫెసరే పరిశోధకుడు, మార్కులు వేసేదీ ఆయనే. పాల్గొంటే అయిదు మార్కులు అంటారు, పాల్గొననివాడికి వేరే దారి చెప్పరు. పైవారి మీద ఆధారపడిన విద్యార్థులను బలహీన స్థితిలో ఉన్నవారిగా చూడాలని 2017 మార్గదర్శకాలే అంటున్నాయి. మార్కుల భయంతో పెట్టిన సంతకం స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదని వాదించవచ్చు, గట్టిగా వాదించవచ్చు. కానీ ఆ మార్కుల ప్రస్తావన పత్రంలో ఉందా లేదా? మళ్లీ అక్కడికే వచ్చాం. నకలు లేదు.

కాబట్టి ఈసారి వెళ్తే నకలు చేతికొచ్చాకే సంతకం పెట్టండి. జిరాక్సు మెషిన్ పాడైందంటే ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి, కోడ్ నంబరు కూడా కనపడేలా. అదీ కుదరదంటే, నకలు అందింది అన్న వాక్యాన్ని కొట్టేసి, పక్కన నకలు ఇవ్వలేదు అని రాసి, తేదీ వేసి అప్పుడు సంతకం చేయండి. ఇప్పటికే నకలు లేకుండా వచ్చేసినవాళ్లు ముందు పరిశోధకుడికీ ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శికీ రాతపూర్వకంగా అడగండి. కేంద్ర విశ్వవిద్యాలయమైతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ సంతకం ఉన్న పత్రం, కమిటీ ఆమోదపత్రం కోరండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వ్యక్తిగత సమాచారం కాబట్టి ఇవ్వలేం అని కొందరు అధికారులు కళ్లు మూసుకుని రాసి పంపుతున్నారు. మీ కాగితం మీకివ్వడానికి ఎవరి గోప్యత అడ్డమొస్తుందో చెప్పమని మొదటి అప్పీలులో అడగండి. లంకె చెరిపేసే గడువు మాత్రం అప్పీలు తేలేదాకా ఆగదు. అందుకని దరఖాస్తుతో పాటే, విషయం తేలేవరకు లంకె చెరపవద్దు, నా సమాచారం వాడవద్దు అని పరిశోధకుడికి ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, రసీదు జాగ్రత్త చేసుకోండి.