పరిచారకులను తీర్చిదిద్దు గురువులు

విద్యార్థులారా! వైద్యశాల యనగానే మన మనస్సున మొదట మెదలువాడు వైద్యుడు. అది తప్పు కాదు. కాని రోగి మంచముకడ వైద్యుడు నిలుచునది దినమునకు కొన్ని నిమిషములు మాత్రమే. తక్కిన కాలమంతయు రోగికి నీరిచ్చువారు, పక్క సవరించువారు, పుండు కడిగి కట్టు కట్టువారు, జ్వరము చూచి వ్రాయువారు, అర్ధరాత్రమున మూలుగు విని లేచి వచ్చువారు వేఱు. వారిని నర్సులనియు, సహాయక నర్సులనియు, డ్రెస్సరులనియు, ఆయాలనియు పలు పేర్లతో పిలుచుచున్నాము. పల్లెలలో ఆశా కార్యకర్తలును ఈ కోవలోనివారే. వీరి సేవను పొగడు మాటలు అప్పుడప్పుడు వినబడును. వీరికి పని నేర్పిన గురువులను గూర్చి వినుట అరుదు. ఈ పాఠమున మేము ఆ గురువులను గూర్చి వ్రాయదలచితిమి. నేర్పుట యొక్కటియే వారి విధి కాదు. తాము నేర్పినవారి పక్షమున నిలిచి మాటలాడుటయు వారి విధియే. ఈ రెండవ విధిని నెరవేర్చిన చోట్ల ఏమి జరిగెనో, మఱచిన చోట్ల ఏమి జరుగునో విచారింతము.

1. శిక్షణ యేల?

మన మోత్కూర్ ప్రాంతమున తాటివనములు మెండు. గీత కార్మికుడు చెట్టుపైనుండి జారిపడుట మనము వినని సంగతి కాదు. అట్లు పడినవానిని నలుగురు పరుగున వచ్చి, చేతులు కాళ్లు పట్టి యెత్తి బండిలో వేయుదురు. వారి దయకు లోపము లేదు. కాని వెన్నెముక విఱిగియున్నచో ఆ యెత్తుటలోనే వెన్నుపాము దెబ్బతిని, కాళ్లు శాశ్వతముగా చచ్చుబడవచ్చును. మెడయు వీపును కదలకుండ పట్టి, పలకపై చేర్చి, కట్టి, తీసికొనిపోవలెనని యెఱిగినవాడు ఒక్కడున్నచో ఆ మనుష్యుడు మరల నడువగలడు. దయకు విద్య తోడు కావలెననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

మఱియొక సంగతి. నల్లగొండ సీమ భూగర్భ జలములలో ఫ్లోరైడు అధికము. దానివలన పండ్లు పసుపెక్కి మచ్చలు పడును. ఏండ్ల తరబడి అట్టి నీరు త్రాగినవారి యెముకలు వంగి కీళ్లు బిగుసుకొనును. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపురమందలి జాతీయ పరిశోధనాలయమువారు 1970 దశకమున రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అది ‘నల్లగొండ పద్ధతి’ యని పిలువబడుచున్నది. పరిచారకురాలికి ఢిల్లీలో అచ్చయిన పుస్తకము నేర్పిన చాలదు. ఆమె పనిచేయు ఊరి నీటిని, చెట్లను, వృత్తులను గూర్చియు నేర్పవలెను. ఆ వివేకము గురువునకు ఉండవలెను.

2. దారి చూపినవారు

నర్సుల శిక్షణకు క్రమమైన పాఠశాలను 1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలయందు ఫ్లారెన్స్ నైటింగేల్ నెలకొల్పెను. ఆమె యోర్పును దీపమును అందఱును ఎఱుగుదురు. ఆమె లెక్కలను కొందఱే యెఱుగుదురు. ఏ సైనికుడు గాయమువలన మరణించెను, ఏ సైనికుడు మురికివలన వచ్చిన రోగముచే మరణించెనని ఆమె అంకెలు కూర్చి, పటములుగా గీచి, అధికారుల యెదుట నుంచెను. ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచ్చటి సైనికుల ఆరోగ్యమును గూర్చి సంవత్సరముల తరబడి లెక్కలు తెప్పించి వ్రాసెను. కన్నీటిని తోసివేయగల అధికారి అంకెను తోసివేయజాలడని ఆమె గ్రహించినది.

తెలుగుదేశమున ఈ దారి తొక్కినవారిలో గుంటూరున పనిచేసిన డాక్టరు అన్నా కూగ్లరు (1856–1930) ప్రథమగణ్య. ఆమె 1883లో వచ్చెను. ఆమెను పంపినవారు తొలుత ఆమెను వైద్యురాలిగా గాక, జెనానాలలో బోధించుటకై పంపిరి. ఆమె ఒకవంక చెప్పిన పని చేయుచు, మఱియొకవంక తనకడకు వచ్చిన రోగులకు చికిత్స చేయుచు, స్త్రీలకు వైద్యశాల యేల కావలెనో విడువక విన్నవించెను. 1898లో వైద్యశాల వెలసెను. అచ్చట చేరిన నర్సు కాథరీన్ ఫాస్ తెలుగు యువతులకు పరిచర్య నేర్పెను. పరుల మలమూత్రములను ముట్టుట తక్కువ పనియని తలచు కాలమున, తమ కూతురును ఆ పనికి పంపుమని తల్లిదండ్రులను ఒప్పించుట పాఠము చెప్పుటకన్న కష్టము. ఆ తొలి గురువుల శ్రమలో సగము తరగతిగది వెలుపలనే జరిగెను.

వెల్లూరులో డాక్టరు ఐడా స్కడ్డరు 1909లో నర్సుల పాఠశాలను ఆరంభించెను. ఆ మొక్కయే పెరిగి 1946లో పట్టపరీక్షకు చదివించు కళాశాల యాయెను. అదే సంవత్సరమున ఢిల్లీలోను అట్టి కళాశాల యేర్పడెను. పరిచర్య యనగా చేతిపని మాత్రమే కాదు, విశ్వవిద్యాలయము గౌరవింపదగిన శాస్త్రమని ఒప్పించుటకు ముప్పది యేడేండ్లు పట్టినది.

3. ఒక్కరు గాక పదుగురు

ఒక వైద్యశాలలో ఒక గురువు ఎంత చక్కగ నేర్పినను, ఆ శిష్యురాలు వేఱొక ఊరికి పోయినచో ఆమె విద్యకు విలువ కట్టువారెవరు? ఈ చిక్కును తొలుత గుర్తించినవారు నర్సుల పర్యవేక్షకురాండ్రే. వారు 1905లో లక్నోయందు సంఘముగా కూడిరి. 1908లో శిక్షితులైన నర్సుల సంఘము వెలసెను. 1922లో ఈ రెండును ఏకమాయెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మిషను వైద్యశాలలవారు ఉమ్మడి పరీక్షాసభలను ఏర్పఱచి, పలు ఊళ్ల విద్యార్థినులకు ఒకే ప్రశ్నపత్రము పెట్టసాగిరి. మద్రాసు రాజధానిలో 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చి, పేర్లు నమోదుచేయు పద్ధతి యేర్పడెను. తుదకు 1947లో అఖిల భారత నర్సింగు మండలి చట్టము వెలువడెను.

ఈ శ్రమ యెంత యవసరమో భోరు సంఘపు నివేదిక చాటినది. ఆ సంఘము 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించెను. నాడు దేశమున సుమారు 7,000 మంది నర్సులే యుండిరి. అనగా 43,000 మందికి ఒక్క నర్సు. బ్రిటనులో 300 మందికి ఒకరు. నర్సుల వసతియు, పనిగంటలును, జీతమును మిక్కిలి హీనముగా నున్నవని ఆ సంఘము ఎత్తి చూపెను. నేర్చుకొనవచ్చిన బాలికలచేతనే వార్డు పనులన్నియు చేయించు అలవాటు నాడు గలదు. రాత్రియంతయు పనిచేసి ప్రొద్దున పాఠము వినుచు కునుకు తీయు బాలిక ఏమి నేర్చుకొనును? శిష్యురాలి నిద్రకొఱకు యజమానితో వాదించు గురువును మేము పనిమానుమని బోధించువాడని యనము. రోగి ప్రాణమును కాపాడువాడని యందుము.

4. ‘సహాయక’ మను పేరు

నర్సులు చాలనందున, తక్కువ కాలములో శిక్షణనిచ్చి పల్లెలకు పంపుటకై సహాయక నర్సు-మంత్రసానుల పాఠశాలలు 1951 మొదలు పుట్టినవి. ఏడవ తరగతి చదివినవారికి రెండేండ్ల శిక్షణ. 1973లో కర్తార్ సింగ్ సంఘము వీరిని ‘ఆరోగ్య కార్యకర్తలు’ అని పిలువవలెనని సూచించెను. పేరు మాఱుట చిన్న సంగతి కాదు. ‘సహాయక’ యన్నపుడు ఆమె వేఱొకరి నీడ. ‘కార్యకర్త’ యన్నపుడు ఆమె పని ఆమెదే.

కాని ఏడవ తరగతియైనను చదువని స్త్రీల మాటయేమి? ఇచ్చట మన తెలుగు వనిత దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) చూపిన త్రోవ స్మరణీయము. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, భర్తను గోల్పోయినవారిని, విడువబడినవారిని చేరదీసి పరీక్షలకు చదివించెను. వైద్యశాలను నడిపి పరిచర్య నేర్పెను. ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలాయెను. ఆ మండలి 1958లో ఆరంభించిన సంగ్రహ విద్యాతరగతులు, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను కొలది కాలముననే పరీక్షకు సిద్ధపఱచి, నర్సులుగను ఉపాధ్యాయినులుగను శిక్షణ పొందుటకు అర్హులను జేసెను. ‘అర్హులు దొరకుటలేదు’ అని వాపోవుట ఒక మార్గము; అర్హులను తయారుచేయుట మఱియొక మార్గము. దుర్గాబాయి రెండవదానిని ఎన్నుకొనెను.

2005లో ఆశా కార్యకర్తల నియామకము మొదలాయెను. ప్రతి 1,000 మందికి ఒకరు చొప్పున వీరు పల్లెలలో పనిచేయుచున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వీరిని గౌరవించెను. అయినను వీరు నేటికిని స్వచ్ఛంద సేవకులుగనే లెక్కింపబడుచు, చేసిన పనికి ఇంతయని ప్రోత్సాహకము పొందుచున్నారు. శాలువ కప్పుట సులభము. స్థానము కల్పించుట కష్టము. వీరి పనిని దగ్గఱనుండి యెఱిగినవారు వీరికి శిక్షణనిచ్చువారే గనుక, ఈ విషయమున మొదట నోరు విప్పవలసినవారును వారే.

5. ఇట్టి గురువునకు ఉండవలసిన గుణములు

మొదటిది, తాను చేయని పనిని శిష్యులచే చేయింపకుండుట. బెడ్‌పాను కడుగుట యెట్లో తన చేతులతో చూపిన గురువు మాట శిష్యురాలి చెవికెక్కును.

రెండవది, ‘ఇది నాకు తెలియదు’ అని చెప్పుటకు ధైర్యము నేర్పుట. తనకు నేర్పని సూదిమందు వేయుమని పెద్దలు ఆజ్ఞాపించినపుడు వినయముతో కాదనగల పరిచారకురాలు రోగికి రక్ష. ఆమెను ఆనాడు ఒంటరిగా విడువక వెంట నిలుచువాడే గురువు.

మూడవది, లెక్క వ్రాయుట. ఎన్ని మంచములకు ఎందఱు పరిచారకులు, ఎన్ని గంటల పని, ఎన్ని చేతితొడుగులు తక్కువైనవి యని దినదినము వ్రాసియుంచిన పుస్తకము, కోపముతో పలికిన నూఱు మాటలకన్న బలమైనది.

నాల్గవది, కీర్తిని పంచియిచ్చుట. తన వెనుక నడచువారిని పెంచుకొనువాడు నాయకుడు కాడు. తాను లేనినాడును నిలిచి నడువగలవారిని తయారుచేయువాడే నాయకుడు.

6. మనకు దీనివలని ఫలము

మోత్కూర్ బాలబాలికలలో కొందఱు రేపు ఈ వృత్తిలో చేరుదురు. వారికి మేము చెప్పునది: లెక్కలు, ప్రకృతిశాస్త్రము శ్రద్ధగా చదువుడు, మందు మోతాదులో ఒక్క చుక్క తప్పినను అది పరీక్షలోని తప్పువలె ఎఱ్ఱసిరాతో దిద్దబడునది కాదు. తల్లిదండ్రులకు మనవి: కూతురు నర్సు కావలెనన్నచో ‘అదేమి పని’ యనకుడు; కుమారుడు కావలెనన్నచో నవ్వకుడు. ఉపాధ్యాయులకు మనవి: వైద్యశాలలో నేర్పువారును మనవంటి బడిపంతుళ్లే. వారి కష్టమును మన కష్టముగా తలంతము. మన యింట జబ్బుపడినవారి నుదుటిపై రేపు చేయివేయువారికి నేడు ఎట్టి గురువు దొరకునో, మనవారికి అట్టి పరిచర్యయే దొరకును.

అభ్యాసము

1. చెట్టుపైనుండి పడినవానిని ఎత్తుటలో పాటింపవలసిన జాగ్రత్త లేవి?
2. ఒకే ప్రశ్నపత్రముతో ఉమ్మడి పరీక్షలు పెట్టుటవలన విద్యార్థినులకు కలిగిన మేలేమి?
3. ‘సహాయక’, ‘కార్యకర్త’ యను మాటలలోని భేదమును మీ మాటలలో వ్రాయుడు.
4. మీ వాడలోని ఆశా కార్యకర్తను కలిసి, ఆమె ఒక దినమున చేయు పనుల పట్టికను వ్రాసి తెండు.